అంతర్జాతీయ జీవవైవిధ్య ఒప్పందాలు – స్థానిక ప్రభుత్వాలు

జీవవైవిధ్యానికి సంబంధించిన అంతర్జాతీయ ఒప్పందాలపై సంతకం చేసేవీ, సదస్సుల్లో నిర్ణయాలు తీసుకునేవీ దేశాల ప్రభుత్వాలే. నగరపాలక సంస్థలు, పంచాయతీలు, రాష్ట్ర ప్రభుత్వాలు అక్కడ పరిశీలకుల హోదాలోనే కూర్చుంటాయి. అయినా చెరువు శిఖం, రోడ్డు పక్క చెట్లు, ఊరి ఉమ్మడి భూములు ఏమవుతాయన్నది చాలావరకు వాటి తీర్మానాల మీద, అవి ఇచ్చే లేఅవుట్ అనుమతుల మీద ఆధారపడుతుంది. ఈ వ్యాసం ప్రధానంగా 1992 నాటి జీవవైవిధ్య ఒప్పందానికి, దాని పక్షదేశాల సదస్సులకు (కాప్) పరిమితం.

ఆరంభం

స్థానిక ప్రభుత్వాల పాత్రకు అంతర్జాతీయ గుర్తింపు ఎప్పటి నుంచి వచ్చిందన్న దానిపై ఏకాభిప్రాయం లేదు. కొందరు 1992 రియో సదస్సులో వెలువడిన అజెండా 21లోని 28వ అధ్యాయాన్ని మూలంగా చూపుతారు. అది స్థానిక సంస్థల గురించే గానీ, జీవవైవిధ్య ఒప్పందంలో భాగం కాదు. మరికొందరు 2007 మార్చిలో బ్రెజిల్‌లోని కురిటిబాలో జరిగిన మేయర్ల సమావేశం నుంచి లెక్కిస్తారు. కాప్‌కు ఆతిథ్యమిచ్చిన, ఇవ్వబోతున్న కురిటిబా, బాన్, నగోయా నగరాలు, ఒప్పంద సచివాలయం ఉన్న మాంట్రియల్ ఈ చొరవలో ముందు నిలిచాయి. అయితే కురిటిబా ప్రకటన నగరాలు తమంతట తాము చేసుకున్నది. 2008 మేలో బాన్‌లో జరిగిన తొమ్మిదో కాప్ ఆమోదించిన 9/28 నిర్ణయం అలాంటిది కాదు. జాతీయ వ్యూహాల్లో నగరాలకు, స్థానిక సంస్థలకు ఉన్న పాత్రను గుర్తించాలని అందులో దేశాలే దేశాలను కోరాయి. అందువల్ల 2008ని ఆరంభంగా తీసుకోవడమే సమంజసంగా కనిపిస్తుంది.

2010లో నగోయాలో జరిగిన పదో కాప్ 10/22 నిర్ణయం ద్వారా 2011–2020 కాలానికి స్థానిక ప్రభుత్వాల కార్యాచరణ ప్రణాళికను ఆమోదించింది. ఇవేవీ దేశాలను చట్టపరంగా కట్టిపడేసే షరతులు కావు. నిధులకూ హామీ లేదు.

సింగపూర్ సూచిక

బాన్‌లోనే సింగపూర్ మంత్రి మా బో టాన్ నగరాలకు ఒక కొలమానం ఉండాలని ప్రతిపాదించారు. దాని నుంచి రూపొందిన సూచికలో మొదట 23 అంశాలు ఉండేవి. స్థానిక జాతులకు పది, ఆవరణ వ్యవస్థ అందించే సేవలకు నాలుగు, పాలనకు తొమ్మిది. ఒక్కో అంశానికి నాలుగు చొప్పున గరిష్ఠంగా 92 మార్కులు. 2021 సవరణలో అంశాలు 28కి పెరిగాయి. ఒక నగరాన్ని మరో నగరంతో పోల్చి ర్యాంకులివ్వడం దీని ఉద్దేశం కాదు. ఎడారి అంచున ఉన్న ఊరికీ వానలు దండిగా కురిసే ఊరికీ పక్షి జాతుల సంఖ్యలో పోలిక కుదరదు కనుక, ఏ నగరమైనా పదేళ్ల కిందటి తన స్థితితో తనను పోల్చుకోవడమే సరైన వాడకం. పత్రికల్లో ఇది తరచూ పోటీ పట్టికగా కనిపించడం విచారకరం.

హైదరాబాద్, 2012

పదకొండో కాప్ 2012 అక్టోబరు 8 నుంచి 19 వరకు హైదరాబాద్‌లో జరిగింది. దానికి అనుబంధంగా 15, 16 తేదీల్లో నగరాల, ఉప జాతీయ (రాష్ట్ర స్థాయి) ప్రభుత్వాల శిఖరాగ్ర సమావేశం నిర్వహించారు. నగరాలూ జీవవైవిధ్యమూ అన్న అంశంపై ప్రపంచస్థాయి నివేదిక కూడా అక్కడే విడుదలైంది. గ్రేటర్ హైదరాబాద్ నగరపాలక సంస్థ (జీహెచ్ఎంసీ) ఆ సందర్భంగా నగర జీవవైవిధ్య సూచికను తయారు చేయించింది. గచ్చిబౌలిలోని బయోడైవర్సిటీ పార్కు, దాని పేరుతో నేడు అందరికీ తెలిసిన జంక్షన్ ఆ సదస్సు జ్ఞాపకాలే.

భారత చట్టం

ఒప్పందం పంచాయతీ గడప దాకా చేరిన ఉదాహరణలు ప్రపంచంలో ఎక్కువ లేవు. భారత్ వాటిలో ఒకటి. 2002 నాటి జీవవైవిధ్య చట్టం 41వ సెక్షన్ ప్రకారం ప్రతి స్థానిక సంస్థా జీవవైవిధ్య యాజమాన్య కమిటీని (బీఎంసీ) ఏర్పాటు చేయాలి. కమిటీ పరిధిలోని వనరులపై నిర్ణయం తీసుకునే ముందు చెన్నైలోని జాతీయ జీవవైవిధ్య ప్రాధికార సంస్థ, రాష్ట్ర జీవవైవిధ్య బోర్డు దాన్ని సంప్రదించాలి. వాణిజ్యం కోసం వనరులు సేకరించేవారి నుంచి రుసుము వసూలు చేసే అధికారమూ కమిటీకి ఉంది. 2004 నాటి నిబంధనలు ప్రజా జీవవైవిధ్య రిజిస్టర్ తయారీని కమిటీ ప్రధాన విధిగా పేర్కొన్నాయి. ఊళ్లోని పంట రకాలు, మందు మొక్కలు, పశుజాతులు, వాటి గురించి ఊరివాళ్లకు తెలిసిన సంగతులు అందులోకి ఎక్కాలి.

చాలా ఏళ్లు ఇది కాగితాల్లోనే ఉండిపోయింది. జాతీయ హరిత ట్రైబ్యునల్ 2020 జనవరి 31ని గడువుగా పెట్టి, తప్పితే రాష్ట్రాలు నెలకు పది లక్షల రూపాయలు చెల్లించాలని ఆదేశించాక కమిటీల సంఖ్య ఒక్కసారిగా రెండున్నర లక్షలు దాటింది. ఈ అంకెను విజయంగా చెప్పే నివేదికలు ఉన్నాయి. గడువు ఒత్తిడిలో, ఊరి పెద్దలను, పసర్లు తెలిసిన వైద్యులను కూర్చోబెట్టకుండానే నింపేసిన రిజిస్టర్లు చాలా ఉన్నాయన్న విమర్శ కూడా ఉంది. విమర్శకే బలం ఎక్కువ. ఒక ఊరి సమాచారం సేకరించాలంటే వానాకాలం, ఎండాకాలం రెండూ చూడాలి. అది వారాల్లో తేలే పని కాదు.

కమిటీకి డబ్బు చేరిన సందర్భాల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని అమరచింత ఉదంతం తరచూ ప్రస్తావనకు వస్తుంది. నాటి మహబూబ్‌నగర్ జిల్లాలో, నేటి వనపర్తి జిల్లాలో ఉన్న ఆ ఊరి నుంచి సేకరించిన దాదాపు రెండు టన్నుల ఎండు వేపాకు జపాన్‌కు వెళ్లింది. ఎగుమతి సంస్థ జాతీయ ప్రాధికార సంస్థకు చెల్లించిన రాయల్టీ సుమారు 55 వేల రూపాయలు. అందులో 38 వేలకు పైగా స్థానిక కమిటీకి అందింది. వేప మొక్కలు నాటడానికి, అవగాహన కల్పించడానికి దాన్ని కేటాయించారు. మొత్తం చిన్నదే. కానీ జీవవైవిధ్య ఒప్పందంలో రాసుకున్న ప్రయోజనాల పంపిణీ సూత్రం ఒక తెలుగు ఊరి ఖాతాలో రూపాయలుగా పడింది.

అదే చట్టం కింద జీవవైవిధ్య వారసత్వ స్థలాల నోటిఫికేషన్ మరో మార్గం. 2016లో సంగారెడ్డి జిల్లా అమీన్‌పూర్ చెరువుకు ఆ హోదా దక్కింది. నగర పరిధిలోని జలాశయాల్లో ఇదే మొదటిదని చెబుతారు. హోదా వచ్చాక కూడా చుట్టూ నిర్మాణాల ఒత్తిడి తగ్గలేదు.

2022 తర్వాత

2022 డిసెంబరులో మాంట్రియల్‌లో జరిగిన కాప్ ఆమోదించిన కున్మింగ్–మాంట్రియల్ జీవవైవిధ్య చట్రంలోని 12వ లక్ష్యం నేరుగా నగరాలది: పచ్చని ప్రదేశాలు, నీటి ప్రదేశాల విస్తీర్ణం, నాణ్యత పెంచాలి. అదే సదస్సు 15/12 నిర్ణయంతో ఉప జాతీయ ప్రభుత్వాల ప్రణాళికను 2030 వరకు కొనసాగించింది. దీని వెనుక స్కాట్లాండ్ ప్రభుత్వం చొరవతో సాగిన ఎడిన్‌బరో ప్రక్రియ పాత్ర గణనీయం. జీవవైవిధ్య ఒప్పందానికి వెలుపల, చిత్తడి నేలలపై ఉన్న రామ్సర్ ఒప్పందం కింద చిత్తడి నేలల నగరాలకు విడిగా గుర్తింపు ఉంది. భారత్ నుంచి ఇండోర్, ఉదయ్‌పూర్ 2025లో దాన్ని పొందాయి.

భారత్‌లో జీవవైవిధ్య చట్టానికి 2023లో చేసిన సవరణ 2024 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చింది. గ్రంథస్థమైన సంప్రదాయ విజ్ఞానం వాడేవారికి, ఆయుష్ వైద్యులకు, సాగు చేసిన మందు మొక్కలకు ప్రయోజనాల పంపిణీ వంటి షరతుల నుంచి పలు మినహాయింపులు దక్కాయి. అడవి నుంచి తెచ్చినదాన్ని సాగు చేసినదిగా చూపితే కమిటీకి రావలసిన వాటా రాకుండా పోవచ్చు. సాగు మూలాన్ని ధ్రువీకరించే పనిలో బీఎంసీ రికార్డులకే ప్రాధాన్యం ఉంటుంది కనుక, సరిగ్గా రాసిన రిజిస్టర్ ఉన్న పంచాయతీకి మాత్రమే ఆ వాటా కోసం నిలబడే వీలు ఉంటుంది.