బొగ్గు లెక్కలో ఎక్కని పద్దు

మా బడి గనుల ప్రాంతంలో ఉంది. తొమ్మిదో తరగతిలో సింగరేణి చరిత్ర చెబుతుంటే ఒక అమ్మాయి లేచి అడిగింది: "సార్, బొగ్గు దొరకక ముందు ఇక్కడ ఏముండేది?" నాకు జవాబు తోచలేదు. తేదీలు మాత్రం తెలుసు. అవన్నీ బొగ్గు తేదీలే.

1871లో భూగర్భ సర్వే శాఖకు చెందిన విలియం కింగ్ ఇల్లందు ప్రాంతంలో బొగ్గును గుర్తించాడు. 1886లో హైదరాబాద్ దక్కన్ కంపెనీకి తవ్వకం హక్కులు దక్కాయి. 1889లో తవ్వకం మొదలయింది. 1920లో సింగరేణి కాలరీస్ ఏర్పడింది. 1945లో నిజాం ప్రభుత్వం దాన్ని తన చేతిలోకి తీసుకుంది. ఈ వరుసనే మన చరిత్రకారులు అభివృద్ధి అన్నారు. ఎన్ని టన్నులు తీశారో రాశారు. ఎంత అడవి పోయిందో, ఎన్ని బావులు ఎండాయో రాయలేదు. పెట్టుబడికి నేల ఖర్చు కాదు, చవకగా చిక్కిన సరుకు. కనుక కంపెనీ ఖాతాలో ఆ పద్దు లేకపోవడం ఆశ్చర్యం కాదు. మన చరిత్రలోనూ లేకపోవడమే విచారకరం.

భూగర్భ గనిలో బొగ్గు తీసిన చోట కప్పు కూలితే పైన పొలం కుంగుతుంది. అది జరగకుండా గోదావరి ఇసుకను తెచ్చి గనుల్లో నింపారు. గనిలో ఊరే నీటిని తోడిపోస్తే చుట్టుపక్కల బావుల్లో నీరు దిగిపోతుంది. 1970ల నడుమ రామగుండం ప్రాంతంలో ఓపెన్‌కాస్టు వచ్చింది. అంతవరకు మనిషి భూమిలోకి దిగేవాడు. అక్కడి నుంచి భూమినే పెళ్లగించి పక్కన పోయడం మొదలయింది. నేటి సింగరేణి బొగ్గులో అత్యధిక భాగం ఇట్లా తీసిందే. ఊరి స్థానంలో ఒకపక్క గుంత, మరోపక్క మట్టిగుట్ట మిగిలాయి.

ఇంత నష్టంతో తీసిన బొగ్గు ఏమయింది? ఆవిరి రైలింజను దాని వేడిలో నూటికి పది వంతులు కూడా పనిగా మార్చలేకపోయింది. థర్మల్ కేంద్రంలో కరెంటుగా మారేది సుమారు మూడో వంతు. తక్కినది వేడిగా గాలిలో, నీటిలో కలుస్తుంది. బూడిద చెరువుల్లో చేరుతుంది. ఆ కరెంటుతో పాత బల్బు వెలిగిస్తే, బొగ్గులోని నూరు పాళ్లలో వెలుగయ్యేది రెండు పాళ్లయినా కాదు. ఎల్ఈడీ దీపాలు ఈ లెక్కను కొంత బాగుచేశాయి. కాని నగరాల్లో ప్రకటనల తెరలు పట్టపగలు కూడా వెలుగుతున్నాయి. పొదుపు పాఠం ఒక్క బల్బు ఉన్న ఇంటికి కాదు, ఆ తెరల యజమానులకు చెప్పాలి.

అభ్యుదయ సాహిత్యం గని కార్మికుడి చెమటను, సమ్మెను పట్టించుకుంది. అది చిన్న విషయం కాదు. అయితే విమర్శ రాసే మాబోటివాళ్లం నేల పోయిన రైతును, కోయవారిని వేరే కథగా విడదీశాం. నేనూ అట్లాగే రాశాను. గనిలోకి దిగినవాడు, పొలం పోగొట్టుకున్నవాడు ఒకే ఇంటివాళ్లు కావచ్చునన్న ఆలోచన నాకు రాలేదు.

ఇళ్లలో పెద్దవాళ్లను అడిగి, పోయిన చెరువుల పేర్లు, పొలాల పేర్లు రాసుకు రమ్మని పిల్లలకు చెప్పాను. ఆ అమ్మాయి నోటుబుక్కులో పద్నాలుగు పేర్లున్నాయి. ఈ ప్రాంత చరిత్రను 1871 నుంచి కాదు, ఆ పేర్ల నుంచి మొదలుపెట్టాలి.