వర్చువల్ డిస్కు విస్తరణ

వర్చువల్ మెషీనుకు కేటాయించిన డిస్కు పరిమాణాన్ని పెంచి, పెరిగిన చోటు దానిలోని ఫైల్ సిస్టముకు అందేలా చేయడాన్ని వర్చువల్ డిస్కు విస్తరణ అంటారు. చూడడానికి ఒకే పనిలా ఉన్నా, ఇది ఒకదానిపై ఒకటి ఉన్న పొరలలో వరుసగా జరగవలసిన మార్పు. మొదటి పొరను మాత్రమే పెంచితే ఉపయోగం ఉండదు. డిస్కును తగ్గించేటప్పుడు ఈ వరుస తప్పితే సమాచారం నష్టపోతుంది.

నేపథ్యం

వర్చువల్ మెషీను అనగా ఒక కంప్యూటరులో సాఫ్టువేరు సృష్టించే మరొక కంప్యూటరు. అసలు కంప్యూటరును ఆతిథేయి అనీ, లోపల నడిచే ఆపరేటింగు సిస్టమును అతిథి అనీ వ్యవహరిస్తారు. అతిథికి హార్డుడిస్కుగా కనిపించేది సాధారణంగా ఆతిథేయిలోని ఒక ఫైలు మాత్రమే. వీఎంవేర్‌లో వీఎండీకే, వర్చువల్‌బాక్సులో వీడీఐ, క్యూఈఎంయూలో క్యూకౌ2, హైపర్-విలో వీహెచ్‌డీఎక్స్ ఇటువంటి ఫైళ్ళ రూపాలు.

ఈ డిస్కులు రెండు రకాలు. స్థిర డిస్కు మొదటి నుంచే పూర్తి చోటును ఆక్రమిస్తుంది. చర డిస్కు సమాచారం చేరే కొద్దీ పెరుగుతుంది, కాని తయారు చేసేటప్పుడు ఇచ్చిన గరిష్ఠ పరిమితిని దాటదు. కనుక చర డిస్కుకు కూడా విస్తరణ అవసరమవుతుంది.

మూడు పొరలు

* డిస్కు - ఆతిథేయిలోని ఫైలు
* పార్టిషను - డిస్కులో ఏ భాగం ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో పార్టిషను పట్టిక చెబుతుంది
* ఫైల్ సిస్టము - పార్టిషనులో ఫైళ్ళను అమర్చే వ్యవస్థ

ప్రతి పొర తన పరిమాణాన్ని తానే నమోదు చేసుకుంటుంది. 20 గిగాబైట్ల డిస్కును 40 గిగాబైట్లకు పెంచినా, పార్టిషను పట్టికలో పాత హద్దే ఉంటుంది. అందువలన అతిథిలో డిస్కు 40 గిగాబైట్లుగా కనిపించినా, ఫైళ్ళకు దొరికే చోటు మారదు.

విధానం

ముందుగా వర్చువల్ మెషీనును ఆపి, ఆతిథేయిలో డిస్కు పరిమాణాన్ని పెంచుతారు. క్యూఈఎంయూలో ఇందుకు క్యూఈఎంయూ-ఇమేజ్ అనే ఉపకరణం ఉంది. తరువాత అతిథిని ప్రారంభించి పార్టిషను హద్దును, ఆపైన ఫైల్ సిస్టమును పెంచుతారు.

విండోస్ విస్టా నుంచి డిస్క్ మేనేజ్‌మెంటులోని ఎక్స్‌టెండ్ వాల్యూమ్ ఈ చివరి రెండు పనులనూ కలిపి చేస్తుంది. లినక్సులో ఇవి సాధారణంగా వేర్వేరు ఆదేశాలు. ఎక్స్‌టీ4ను రిసైజ్2ఎఫ్‌ఎస్‌తో, ఎక్స్‌ఎఫ్‌ఎస్‌ను ఎక్స్‌ఎఫ్‌ఎస్-గ్రోఎఫ్‌ఎస్‌తో, అవి వాడుకలో ఉండగానే పెంచవచ్చు. ఎల్‌వీఎం ఉన్నచోట పార్టిషనుకూ ఫైల్ సిస్టముకూ మధ్య మరి రెండు మెట్లు చేరుతాయి: ఫిజికల్ వాల్యూమును, లాజికల్ వాల్యూమును కూడా పెంచాలి.

ఆటంకాలు

కొత్త చోటు ఎప్పుడూ డిస్కు చివరన చేరుతుంది. పెంచదలచిన పార్టిషను తరువాత స్వాప్ పార్టిషను గాని, విండోస్ రికవరీ పార్టిషను గాని ఉంటే అది అడ్డుపడుతుంది. దానిని జరిపిన తరువాతనే విస్తరణ సాధ్యం. ఎంబీఆర్ పట్టిక 512 బైట్ల సెక్టర్లతో 2 టెబిబైట్లకు మించిన చోటును గుర్తించలేదు. జీపీటీ పట్టికకు డిస్కు చివరన ఒక నకలు ఉంటుంది. డిస్కు పెరిగాక ఆ నకలును కొత్త చివరకు మార్చాలి.

తగ్గించడం

పరిమాణాన్ని తగ్గించేటప్పుడు వరుస తలకిందులవుతుంది: ముందు ఫైల్ సిస్టము, తరువాత పార్టిషను, చివరకు డిస్కు. డిస్కునే ముందు కుదిస్తే దాని చివర ఉన్న సమాచారం తెగిపోతుంది. ఎక్స్‌టీ4ను వాడుకలో లేనప్పుడే తగ్గించగలరు.

జాగ్రత్తలు

పని మొదలుపెట్టే ముందు డిస్కు ఫైలును వేరొక చోట నకలు తీసి ఉంచాలి. స్నాప్‌షాట్ ఇందుకు ప్రత్యామ్నాయం కాదు. అది సాధారణంగా మూల డిస్కుపైనే ఆధారపడి ఉంటుంది కనుక, మూలం చెడితే అదీ పనికిరాదు. పైగా వీఎంవేర్‌లో స్నాప్‌షాట్లు ఉన్న డిస్కును పెంచడం కుదరదు. వాటిని ముందుగా తొలగించాలి.

ఇవి కూడా చూడండి

* ఆపరేటింగు సిస్టము
* హార్డుడిస్కు
* లినక్సు