దూరపు కొండలు, పుటాకార కటకం

దూరపు కొండలు నునుపు అన్న సామెత మనుషుల భ్రమను గురించి పుట్టింది. కెమేరా పట్టుకున్నవాడికి మాత్రం అది అక్షరసత్యం. కొన్నేళ్ళ క్రితం రాజమండ్రి గోదావరి గట్టు మీద నాకు ఆ సంగతి తెలిసివచ్చింది.

మా అమ్మ పుట్టిన ఊరు పోలవరానికి ఎగువన, ఏటి ఒడ్డున, కొండల నీడలో ఉండేది. ప్రాజెక్టు ముంపులోకి వచ్చిన ఊళ్ళలో అదొకటి. అప్పటికే జనం ఖాళీ చేసి వెళ్ళిపోయారు. అమ్మకు మోకాళ్ళ నొప్పులు, పడవ ప్రయాణం చేయలేదు. "గట్టు మీంచి ఆ కొండలు కనబడతాయిగా, దగ్గరగా కనిపించేట్టు ఒక ఫోటో తీసిపెట్టరా" అని అడిగింది. నా దగ్గరున్నది 75-300 మిల్లీమీటర్ల మామూలు జూమ్ కటకం. అది చాలదనుకొని, అన్ని కటకాలకూ పట్టే రకం టెలికన్వర్టరు, రెండింతలు చేసేది ఒకటి కొన్నాను. 300 కాస్తా 600 అవుతుంది, ముప్పై నలభై కిలోమీటర్ల అవతలి కొండ సగం దూరానికి వస్తుంది కదా అని నా లెక్క.

ఏప్రిల్ మధ్యాహ్నం వెళ్ళాను. వ్యూఫైండరులో చీకటి కమ్మింది. ఆటోఫోకస్ ముందుకూ వెనక్కూ తిరిగి తిరిగి ఆగిపోయింది. చేత్తో సరిచేసి, తోచినట్టు నలభై చిత్రాలు తీశాను. ఇంటికి తెచ్చి చూపిస్తే అమ్మ కళ్ళద్దాలు సర్దుకుని చాలాసేపు చూసి, "ఇది కొండ కాదురా, పొగ" అంది.

తప్పు కన్వర్టరుది అనుకున్నాను. ఆ గాజుబిళ్ళ చరిత్ర తెలుసుకున్నాక అభిప్రాయం మార్చుకోవలసి వచ్చింది. నేను ఒక్క మధ్యాహ్నంలో చేసిన పొరపాట్లన్నీ ఆ చరిత్రలో వరుసగా ఎదురయ్యే సమస్యలే.

గెలీలియో 1609లో ఆకాశం వైపు తిప్పిన గొట్టంలో ముందు కుంభాకార కటకం, కంటి దగ్గర పుటాకార కటకం ఉండేవి. రెండేళ్ళకు, 1611లో, కెప్లర్ తన 'డయోప్ట్రిస్' గ్రంథంలో ఈ జంటను మరో విధంగా వాడవచ్చునని చూపించాడు. కుంభాకార కటకం వెనుక తగిన చోట పుటాకార కటకం ఉంచితే, తెర మీద పడే ప్రతిబింబం మొదటి కటకం ఒంటరిగా ఏర్పరచేదానికన్నా పెద్దదవుతుంది. కారణం సులభం. మొదటి కటకం కిరణాలను ఒక బిందువు వైపు వంచుతుంది. రెండోది ఆ వంపును కొంత సడలిస్తుంది. కిరణాలు మరింత వెనుక కలుసుకుంటాయి, నాభ్యంతరం పెరిగినట్టవుతుంది. నేటి టెలికన్వర్టరుకు మూలసూత్రం ఇంతే.

ఈ సూత్రాన్ని పనిముట్టుగా మలచినవాడు పీటర్ బార్లో (1776-1862). వూలిచ్‌లోని రాయల్ మిలిటరీ అకాడమీలో గణితాచార్యుడు. వర్గాలు, ఘనాలు, మూలాల పట్టికలతో ఆయన పేరు గణితజ్ఞులకు చిరపరిచితం. దూరదర్శిని కటకాల్లో రంగుల దోషాన్ని తగ్గించే ప్రయత్నాల నుంచి ఈ పుటాకార కటకం రూపుదిద్దుకుంది. 1833లో జార్జ్ డాలండ్ దాన్ని తయారుచేశాడు. 1834లో రాయల్ సొసైటీ పత్రికలో దాని వివరణ వెలువడింది. ఆకాశవీక్షకులు దాన్ని నేటికీ బార్లో కటకమనే పిలుస్తారు.

ఇక్కడ ఒక ప్రశ్న వస్తుంది. ఛాయాగ్రహణాన్ని లోకానికి ప్రకటించింది 1839లో. అంటే ఆ ప్రకటన కంటే బార్లో కటకమే ముందు పుట్టింది. అయినా దూరదృశ్యాల కోసం ఇటువంటి అమరిక కెమేరాకు సరుకుగా అందడానికి 1891 దాకా ఆగవలసి వచ్చింది. అర్ధశతాబ్దం పైగా ఎందుకు ఆలస్యమైంది?

దూరాన్ని దగ్గర చేయడానికి కటకం ఒక్కటే చాలకపోవడమే కారణమని నాకు తోస్తుంది. మొదటి అడ్డంకి వెలుతురు. ప్రతిబింబాన్ని రెండింతలు చేస్తే అదే వెలుగు నాలుగింతల వైశాల్యం మీద పరుచుకుంటుంది, నాలుగో వంతుకు పలచబడుతుంది. నాలుగింతలు చేస్తే పదహారో వంతే మిగులుతుంది. తొలినాళ్ళ ఫలకాలు ఎండలో కూడా నిమిషాలు తీసుకునేవి. 1851లో వచ్చిన తడి కొలోడియన్ ఫలకం వేగవంతమైనదే గాని, ఆరిపోకముందే అన్ని పనులూ ముగించాలి. 1871లో మాడక్స్ అనే ఆంగ్లేయ వైద్యుడు ప్రతిపాదించిన జెలటిన్ పొడి ఫలకం, ఆ దశాబ్దం చివరికి బజారులోకి వచ్చాక గాని ఈ ఇబ్బంది సడలలేదు.

రెండో అడ్డంకి గాలి. అదే 1871లో లార్డ్ రేలీ ఆకాశపు నీలిమకు గణితం చెప్పాడు. గాలిలోని అణువులు కాంతిని పరిక్షేపణ చేసే తీరు తరంగదైర్ఘ్యపు నాలుగో ఘాతానికి విలోమంగా ఉంటుంది. ఆ లెక్కన 400 నానోమీటర్ల ఊదా కాంతి, 700 నానోమీటర్ల ఎరుపుకన్నా తొమ్మిదింతలకు పైగా చెదురుతుంది. దూరపు కొండలు నీలంగా కనిపించేది అందుకే: మనకూ కొండకూ నడుమ పరుచుకున్న గాలి తానే వెలుగుతోంది. ఆనాటి ఫలకాలు చూడగలిగింది నీలం, ఊదా రంగులనే. కన్ను కొండను చూసిన చోట ఫలకం గాలినే చూసేది. 1873లో బెర్లిన్‌లో హెర్మన్ ఫోగెల్, ఫలకానికి అద్దకపు రంగులు కలిపితే పచ్చ, పసుపు కాంతులను కూడా గ్రహిస్తుందని కనిపెట్టాడు. ఇక పసుపు గాజును అడ్డుపెట్టి నీలపు పొరను కొంతవరకైనా తొలగించే వీలు కలిగింది.

ఇలా దారి సుగమమయ్యాక, 1891లో ముగ్గురు ఒకరితో ఒకరికి సంబంధం లేకుండా టెలిఫోటో కటకాలను ముందుకు తెచ్చారు: లండన్‌లో థామస్ రుడాల్ఫస్ డాల్‌మేయర్, మ్యూనిక్‌లో అడాల్ఫ్ స్టైన్‌హైల్, బెర్లిన్‌లో అడాల్ఫ్ మీతే. ఆ తొలి పరికరాల్లో ముందు మామూలు కటకం, గొట్టం వెనుక భాగాన పుటాకార కటకం ఉండేవి. రెంటి మధ్య ఎడం మారిస్తే ప్రతిబింబపు పరిమాణం మారేది. ఆ ఎడాన్ని స్థిరపరచి, వెనుక భాగాన్ని విడిగా అమ్మితే అదే నేటి కన్వర్టరు. డాల్‌మేయర్ 1899లో ఈ విద్య మీద 'టెలిఫోటోగ్రఫీ' అనే గ్రంథం ప్రచురించాడు.

టెలిఫోటో సామర్థ్యానికీ పరిమితికీ నాకు తెలిసిన గొప్ప ఉదాహరణ 1924 ఎవరెస్టు యాత్ర. ఆ యాత్ర ఛాయాగ్రాహకుడు జాన్ నోయెల్ ఇరవై అంగుళాల టెలిఫోటో కటకాన్ని కొండ మీదికి మోయించి, మల్లొరీ, అర్విన్‌ల కోసం శిఖరం వైపు గురిపెట్టి కాచుకున్నాడు. జూన్ 8 మధ్యాహ్నం మేఘాలు క్షణకాలం విడిపోయినప్పుడు, ఎంతో పైన ఉన్న ఓడెల్ వారిని చివరిసారి చూశాడు. నోయెల్ కటకానికి మేఘమే దక్కింది. రెండు రోజుల తర్వాత నార్త్ కోల్ మంచు మీద శిలువ ఆకారంలో పరచిన దుప్పట్లు కింద ఉన్నవారికి కనబడ్డాయి. ఆశ లేదని దాని అర్థం.

విడి కన్వర్టర్లు సామాన్యుడి చేతికి వచ్చింది 1960ల తర్వాత, కటకాలు మార్చుకునే సింగిల్ లెన్స్ రిఫ్లెక్స్ కెమేరాలు వ్యాపించాక. కటకం నుంచి వచ్చే దృశ్యాన్నే నేరుగా చూడడం, 1963-64 నుంచి ఆ వెలుగునే కెమేరా లోపల కొలవడం సాధ్యమయ్యాయి. తగ్గిన వెలుతురును కాగితం మీద లెక్కకట్టే బాధ తప్పింది. 2013లో కెనాన్ 200-400 కటకంలో 1.4 రెట్ల కన్వర్టరును లోపలే అమర్చి, మీట నొక్కితే దారిలోకి వచ్చేట్టు చేసింది.

సౌకర్యాలు మారినా ఖర్చు మారలేదు. 1.4 రెట్లకు ఒక స్టాపు, రెండు రెట్లకు రెండు స్టాపులు చెల్లించవలసిందే. నా జూమ్ 300 దగ్గర ఎఫ్ 5.6. కన్వర్టరుతో అది ఎఫ్ 11 అయింది. నా కెమేరా ఆటోఫోకస్ ఆ చీకట్లో పనిచేయదు. పైగా కన్వర్టరు తనకు అందిన ప్రతిబింబాన్నే పెద్దది చేస్తుంది. అందులో లేని వివరాన్ని పుట్టించలేదు. కటకపు మసక, చేతి వణుకు, నేల మీంచి లేచే వేడిగాలి తరంగాలు అన్నీ దృశ్యంతో పాటే రెండింతలయ్యాయి. కొత్తగా నేర్చుకునేవారు ఒక్కటి గమనించాలి: మంచి కటకానికి కన్వర్టరు నిజంగా సాయం చేస్తుంది. సామాన్యమైన కటకం విషయంలో, అది లేకుండా తీసి మధ్యభాగాన్ని పెద్దది చేసుకున్నా దాదాపు అంతే దక్కుతుంది. గాలి బాగులేని వేళ ఏ కటకమూ ఏమీ చేయలేదు.

నవంబరులో వాయుగుండం వానలు వెలిసిన మర్నాడు, తెల్లవారుతుండగా మళ్ళీ గట్టు మీదికి వెళ్ళాను. వాన గాలిని కడిగేసింది. నేల ఇంకా వేడెక్కలేదు. కన్వర్టరు సంచిలోనే ఉంచి, కెమేరాను ముక్కాలిపీట మీద బిగించి, అద్దం ముందే పైకెత్తి, రెండు సెకండ్ల టైమరుతో తీశాను. ఇంటికి వచ్చి, ఫోగెల్ కాలపు పసుపు గాజుకు బదులుగా, రంగులచిత్రంలోని ఎరుపు భాగాన్ని మాత్రమే తీసుకుని నలుపు తెలుపుల్లోకి మార్చి, మధ్యభాగాన్ని పెద్దది చేసి అచ్చు వేయించాను.

అమ్మ ఆ కాగితం మీద వేలు పెట్టి, ఒకదాని వెనుక ఒకటిగా ఉన్న గట్ల అంచుల వెంట మెల్లగా జరిపింది. రెండు కొండల నడుమ ఒక పల్లం దగ్గర ఆగింది.

"ఇదిగో, దీని వెనకే మా ఊరు" అంది.

ఫోటోలో ఊరు కనబడదు. కొండ అడ్డం.