తైపింగ్ దండులో సుభాష్ సైనికుల దినచర్య

ఆజాద్ హింద్ ఫౌజుకు చెందిన మొదటి గెరిల్లా రెజిమెంటు 1943 సెప్టెంబరులో మలయాలోని పెరాక్ రాష్ట్రంలో ఉన్న తైపింగ్‌లో ఏర్పడింది. గాంధీ, ఆజాద్, నెహ్రూ బ్రిగేడ్ల నుంచి ఏరి తెచ్చిన సుమారు 3,000 మంది ఇందులో చేరారు. షా నవాజ్ ఖాన్ సేనాని. నేతాజీ వద్దన్నా సైనికులు దీన్ని సుభాష్ బ్రిగేడ్ అనే పిలుచుకున్నారు.

వీరిలో చాలామంది 1942 ఫిబ్రవరిలో సింగపూర్ పతనంతో జపాన్‌కు చిక్కిన బ్రిటిష్ ఇండియన్ సైన్యపు సిపాయిలు. కవాతు, తుపాకి వారికి కొత్త కావు. కొత్తదల్లా దండులోని బతుకు. పాత సైన్యంలో మతాన్ని, కులాన్ని బట్టి వంటలు వేరు, పంక్తులు వేరు. ఇక్కడ ఒకే పొయ్యి మీద వండిన కూడు హిందువు, ముస్లిం, సిక్కు పక్కపక్కన కూర్చుని తిన్నారు. ఎదురుపడితే పలకరింపు ‘జైహింద్’. ఆ మాటను వాడుకలోకి తెచ్చిన ఆబిద్ హసన్ హైదరాబాదీ. ఆజ్ఞలు హిందుస్తానీలో వినిపించేవి. ఆ భాషను రోమన్ లిపిలో రాసేవారు. ఐక్యత, విశ్వాసం, త్యాగం ఫౌజు ఆశయాలు. వాటిలో ఐక్యత మొదట అలవాటైంది వంటశాలలోనే.

శిక్షణంతా అడవి యుద్ధానికి ఉద్దేశించినది. ఫిరంగులు లేవు, బళ్లు తక్కువ. అందుకే తుపాకి, గుళ్లు, పక్కబట్టలు వీపున మోసుకుని మైళ్ల కొద్దీ నడవడం ముఖ్యమైన సాధన అయింది. తైపింగ్ మలయా ద్వీపకల్పంలోనే వానలు మెండుగా కురిసే ఊరు. శిక్షణ సాగిన అక్టోబరు, నవంబరు నెలలు ఇక్కడ ముసురు కాలం.

తిండికి కటకట ఊరంతటిదీ. యుద్ధానికి ముందు మలయా తినే బియ్యంలో ఎక్కువ భాగం బర్మా, సయాం నుంచి వచ్చేది. ఆ రాక తగ్గిపోవడంతో ఇళ్ల పెరళ్లలో, తోటల్లో కర్రపెండలం నాటారు. జపాన్ అచ్చువేసిన అరటిచెట్టు బొమ్మ నోటుకు విలువ నానాటికీ పడిపోయింది.

రబ్బరు, కొబ్బరి తోటల్లోని తమిళ, తెలుగు కూలీలకు ఫౌజు మరో దారి చూపింది. మలయాలోని పౌరుల నుంచి వేలమంది చేరారు. కౌలాలంపూర్, సెరంబాన్ శిబిరాల్లో వారికి మొదటి నుంచీ కవాతు నేర్పారు. తోటలో దొర ముందు తలవంచి నిలబడిన మనిషి అక్కడ తుపాకి పట్టి నిటారుగా నిలబడ్డాడు. యుద్ధం ఓడినా పోని మార్పు అది.

సుభాష్ బ్రిగేడ్ 1943 నవంబరులో తైపింగ్ నుంచి కదలడం మొదలుపెట్టి, మరుసటి ఏడాది ఆరంభానికి రంగూన్ చేరింది. ఒక బెటాలియన్ కలదాన్ లోయకు, మిగతావి చిన్ కొండలకు వెళ్లాయి. అక్కడ శత్రువు తూటాలకు ఆకలి, మలేరియా తోడయ్యాయి. 1945 ఆగస్టులో జపాన్ లొంగిపోవడంతో మలయాలోని శిబిరాలు మూతపడ్డాయి. షా నవాజ్ ఖాన్‌ను ఆ ఏడాదే ఢిల్లీ ఎర్రకోటలో విచారించారు. మలయాలో మిగిలిన ఫౌజు వారు కొందరు కార్మిక సంఘాల్లోకి, మరికొందరు 1946 ఆగస్టులో పుట్టిన మలయన్ ఇండియన్ కాంగ్రెస్‌లోకి నడిచారు.