దీనారం ఎవరి చేతికొచ్చింది?

శాతవాహనుల కాలంలో రోము బంగారం వచ్చిపడి దేశం సుభిక్షంగా ఉండేదని చెప్పుకోవడం మనకొక అలవాటు. మొగుళ్లపల్లి బడిలో నేనూ ఏళ్ల తరబడి అలాగే చెప్పాను. ఒకరోజు వెనక బెంచీ పిల్లవాడు "ఆ బంగారం బట్ట నేసినోళ్లకు ముట్టిందా సార్?" అన్నాడు. ఎమ్మే తెలుగు చదివిన నా దగ్గర జవాబు లేదు.

రోమన్ చక్రవర్తుల బంగారు నాణెం ఔరియస్. అగస్టస్ నాడు దాదాపు 8 గ్రాములు తూగేది, క్రీ.శ. 64లో నీరో బరువు తగ్గించాడు. ఒక ఔరియస్ 100 సెస్టర్సులకు సమానం. ఏటా 5 కోట్ల సెస్టర్సులకు తక్కువ కాకుండా ఇండియా లాగేస్తోందని ప్లినీ వాపోయాడు. అంటే 5 లక్షల ఔరియస్‌ల పెట్టు. ఈ ఏడుపులో అతిశయోక్తి ఉంటే ఉండవచ్చు. కాని స్పెయిన్ గనుల్లో నెలల తరబడి పగటి వెలుగు చూడని కూలీల గురించి రాసిందీ ఆయనే. బంగారం తవ్వినవాడికి ఒక ప్లినీ దొరికాడు. మసాలియాలో, అంటే మన కృష్ణా తీరాన, సన్నబట్టలు విస్తారంగా తయారవుతాయని 'పెరిప్లస్' రాసిన గ్రీకు నావికుడు చెప్పాడు. నేసినవాడి ఊసు మాత్రం ఎత్తలేదు.

ఇక మన నేలే చెప్పాలి. వినుకొండలో టైబీరియస్ మొదలు కారకల్లా దాకా చక్రవర్తుల బంగారు నాణేలు దొరికాయి. నాగార్జునకొండలోనూ దొరికాయి. మాకు దగ్గరలోని పెద్దబంకూరు తవ్వకాల్లో బయటపడింది వేరు: వేలకొద్దీ శాతవాహన చిల్లర నాణేలు, వాటి మధ్య ఏవో కొన్ని రోమన్ వెండి నాణేలు. సంతలో చేతులు మారింది ఈ చిల్లరేనని నా నమ్మకం. బంగారాన్ని నాణెంగా వాడినట్టే కనబడదు. పుదుక్కోటలో 1898లో దొరికిన 501 ఔరియస్‌లలో అత్యధికభాగం చక్రవర్తి తలమీద ఉలిగాటు పడినవే. దక్షిణాదిలో కొన్నిటికి చిల్లులు పొడిచి మెడలో వేసుకున్నారు.

మాట మాత్రం నిలిచింది. రోమన్ల వెండి నాణెం 'డెనారియస్' మన దగ్గర దీనారమై, పోనుపోను బంగారానికి పేరైంది. మూడో శతాబ్దిలో ఇక్ష్వాకు రాణి రుద్రధర భట్టారిక నాగార్జునకొండ మహాచైత్యంలో స్తంభానికి 170 దీనారి మాషకాలిచ్చినట్టు శాసనం ఉంది. వెయ్యేళ్లు దాటాక శ్రీనాథుడి చాటువులో, రాజుగారి ముత్యాలశాలలో, మళ్లీ దీనారాలు వినిపిస్తాయి.

పిల్లవాడికి మర్నాడు పెద్దబంకూరు చిల్లర సంగతి చెప్పాను. "అయితే ముట్టలే" అని కూర్చున్నాడు.