దవడ కీలు నొప్పి: కట్టు నుంచి తొడుగు దాకా

చెవి ముందు వేలు ఆనించి నోరు తెరిస్తే లోపల కదిలేదే దవడ కీలు. అది తప్పితే కాపడం పెట్టి, సరిచేసి, పంచాంగి అనే అయిదు పాయల కట్టు కట్టమంది సుశ్రుత సంహిత. జారిన కీలుకు ఆ కట్టు సరే. ఏళ్ల తరబడి సలిపే నొప్పి సంగతి వేరు. 1934లో అమెరికా చెవి వైద్యుడు జేమ్స్ కాస్టెన్ నెపం ఊడిన దంతాల మీద వేశాడు. చాలాకాలం పళ్ల పొందిక సరిచేయడమే వైద్యమైంది. 1969లో డేనియల్ లాస్కిన్ చూపును కండరాల బిగువు మీదికి, మనసు ఒత్తిడి మీదికి మళ్లించాడు.

1959లో తొలి బ్లాస్ట్ ఫర్నేస్ రాజుకున్న ఛత్తీస్‌గఢ్ ఉక్కు పట్టణం భిలాయిలో, దాన్ని ఆనుకున్న భిలాయి-3లో, షిఫ్టులకు నిద్ర చెడి పళ్లు కొరికేవాళ్లకు లాస్కిన్ మాటే దగ్గరిది. ఉపశమనానికి మెత్తటి అన్నం, కాపడం, ఆవులింత వస్తే గడ్డం కింద పిడికిలి, కొందరికి రాత్రిపూట పళ్ల తొడుగు. దవడను అలిసిపోయేలా చేసే వక్క నమలడం మానిపించడమే కష్టం.