చమురు కోసమా, చైనా కోసమా?

పసిఫిక్ యుద్ధం పెర్ల్ హార్బర్‌తో మొదలైందని చదువుకున్నాం. నిజానికి అంతకు గంట ముందే జపాన్ సేనలు మలయాలోని కోటా బారు తీరంలో దిగాయి. వాళ్ల గురి హవాయి మీద కాదు, మలయాకు ఆవల డచ్చివారి అధీనంలో ఉన్న సుమత్రా, బోర్నియో చమురు బావుల మీద. ఆ దారికి అడ్డురాకుండా అమెరికా నౌకాదళాన్ని ముందే దెబ్బతీశారు.

అప్పట్లో జపాన్ వాడే చమురులో దాదాపు 80 శాతం అమెరికాదే. 1941 జులైలో జపాన్ దక్షిణ ఇండోచైనా ఆక్రమణకు పూనుకోగానే రూజ్‌వెల్ట్ ప్రభుత్వం జపాన్ ఆస్తులను స్తంభింపజేసింది. చమురు పూర్తిగా ఆపాలన్నది రూజ్‌వెల్ట్ ఉద్దేశమేనా అన్నదానిపై చరిత్రకారులకు ఇప్పటికీ ఏకాభిప్రాయం లేదు. ఏదేమైనా, చెల్లింపులకు డబ్బు విడుదల చేయకుండా డీన్ అచెసన్ వంటి అధికారులు బిగబట్టడంతో సరఫరా నిలిచిపోయింది. బ్రిటన్, డచ్చి ప్రభుత్వాలూ అదే బాట పట్టాయి.

యుద్ధానికి కారణం ఈ దిగ్బంధమేనని జపాన్ సమర్థకులు ఇప్పటికీ అంటారు. అది సగం మాటే. అసలు ఇండోచైనాకు ఎందుకు వెళ్లినట్టు? 1937 జులైలో మార్కో పోలో వంతెన దగ్గర మొదలైన చైనా యుద్ధం ఎంతకీ తెమల్లేదు. చుంగ్‌కింగ్‌కు తరలిన చైనా నేత చియాంగ్ కై షేక్‌కు హనోయి నుంచి రైల్లో సరుకు అందుతోందని 1940లో ఉత్తర ఇండోచైనాలో అడుగుపెట్టారు. మరుసటి ఏడాది దక్షిణానికి దిగారు.

1941 సెప్టెంబర్ 5న హిరోహిటో చక్రవర్తి సైన్యాధిపతి సుగియామాను నిలదీశాడు. దక్షిణాది దండయాత్ర మూడు నెలల్లో ముగుస్తుందన్నాడు సుగియామా. చైనా వ్యవహారం నెలలో తేలిపోతుందని అప్పట్లో యుద్ధమంత్రిగా చెప్పింది నువ్వే కదా అన్నాడు చక్రవర్తి. చైనా లోతట్టు ప్రాంతం మరీ విశాలమని సుగియామా నసిగాడు. పసిఫిక్ అంతకంటే విశాలం కాదా అని చక్రవర్తి ఎదురడిగాడు. అంత సూటిగా అడిగినవాడే మర్నాడు యుద్ధ సన్నాహాల తీర్మానాన్ని ఆపలేదు.

నాకు అసలు మలుపు అక్టోబర్ 12న ప్రధాని కొనోయె ఇంట్లో జరిగిన సమావేశంలో కనిపిస్తుంది. అమెరికాను గెలవగలమన్న నమ్మకం నౌకాదళ పెద్దల్లో చాలామందికి లేదు. గంటకు 400 టన్నుల చమురు ఖర్చవుతోందని తొందరపెట్టడమైతే పెట్టారు గానీ, యుద్ధం వద్దని ఆ శాఖ మంత్రి ఒయికావా నోరు విప్పలేదు. నిర్ణయాన్ని ప్రధానికే వదిలేశాడు. చైనా నుంచి సైన్యాన్ని వెనక్కి పిలవడమంటే లొంగిపోవడమేనని యుద్ధమంత్రి టోజో పట్టుబట్టాడు. నాలుగు రోజులకు కొనోయె రాజీనామా చేశాడు, టోజో ప్రధాని అయ్యాడు.

చైనా నుంచి వైదొలగాలన్న అమెరికా పత్రాన్ని నవంబర్ 26న ఆ దేశ విదేశాంగ మంత్రి కార్డెల్ హల్ జపాన్ రాయబారుల చేతికిచ్చాడు. ఆ పత్రమే యుద్ధం తెచ్చిందనే వాదన టోక్యోలో ఆనాడే పుట్టింది. కానీ అది వాళ్ల చేతికి అందేసరికి, పెర్ల్ హార్బర్ దాడికి బయల్దేరిన అడ్మిరల్ నగుమో నౌకలు కురిల్ దీవుల్లోని హిటోకప్పు అఖాతం విడిచి హవాయి దారి పట్టాయి.